పేపర్ చదవడమే చదువైపోయింది

ఈసారి ఉత్తరం పొదలకూరు దగ్గర ఒక పల్లె నుంచి వచ్చింది. రాసిన అమ్మాయి తన పేరూ, ఊరి పేరూ వెయ్యొద్దని రెండుచోట్ల గీత గీసి మరీ రాసింది. పదకొండు పేజీలు. కుదించి చెప్తాను.

ఆమెకు 25 ఏళ్లు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, నెల్లూరులో డిగ్రీ. సివిల్స్‌కి చదవడం మొదలుపెట్టి ఇది మూడో ఏడు. మొదటి ఏడాది హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకుంది, తర్వాత డబ్బులు సరిపోక ఇంటికొచ్చేసింది. రెండుసార్లు ప్రిలిమ్స్ అనే తొలిదశ పరీక్ష రాసింది, రెండుసార్లూ పోయింది. కోచింగ్‌లో మొదటి రోజే ఒక సీనియర్ చెప్పాడట, ఇంగ్లీషు పేపర్ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవనివాళ్లకి సర్వీసు రాదని. ఆ మాట పట్టుకుంది. ఆ పేపర్ వాళ్ల పల్లెకు నేరుగా రాదు. పొదలకూరు ఏజెంటు బస్సులో వేసి పంపితే తొమ్మిదింటికి చేతికొస్తుంది. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఇక అదే పని. పక్కన ఫోన్‌లో డిక్షనరీ, మూడు రంగుల పెన్నులు, రెండొందల పేజీల నోటుబుక్కు. అలాంటి నోటుబుక్కులు ఇప్పటికి పద్నాలుగు నిండాయి. ఒక్కదాన్నీ తిరిగి తెరవలేదు.

జ్వరం వచ్చో, ఎవరిదో పెళ్లికెళ్లో నాలుగు రోజులు తప్పితే, ఆ నాలుగు రోజుల పేపర్లు పూర్తయ్యేదాకా ఈ రోజుది ముట్టుకోదు. అలా బాకీ పెరిగి పెరిగి మంచం కింద అయిదు నెలల పేపర్లు చేరాయి. రాత్రి పడుకుంటే కింద అవి ఉన్నాయన్న టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మొన్న వాళ్లమ్మ ఆ కట్టలు పాత పేపర్లాయనకి వేసేద్దామంటే గట్టిగా అరిచేసింది. తర్వాత కూర్చుని ఏడ్చింది. నాన్నది నిమ్మతోట. "అమ్మణ్ణే, ఈ పేపర్లు చదివేదానికే నీకు ఆయుస్సు సరిపోతాది, పరీక్ష ఎప్పుడు రాస్తావే" అన్నాడట. ఉగాది దాటితే సంబంధాలు చూస్తామని కూడా అన్నాడు.

అడిగినవి మూడు ప్రశ్నలు. పేపర్ మానేసి, కోచింగ్ సంస్థలు వార్తలు కుదించి ఇచ్చే నెలవారీ పీడీఎఫ్‌లు చదివితే సరిపోతుందా? తెలుగు పేపర్ చాలదా? బాకీ పడ్డ అయిదు నెలలు ఏం చేయాలి? చివరి పేజీ అడుగున, చిన్న అక్షరాలతో ఇంకొకటి ఉంది: "నాకీ చదువు రాదేమో కదా సార్?"

అమ్మాయ్, ముప్పై ఏళ్లు ఒంగోలులో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, నిన్ను మీరు అంటే నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది. నువ్వు అనే అంటాను.

ముందు చివరి ప్రశ్న. దానికి జవాబు నీ ఉత్తరం ఆరో పేజీలో నువ్వే రాశావు, రాసినట్టు నీకు తెలియదు. మొదటిసారి సీశాట్‌లో, అంటే ప్రిలిమ్స్ రెండో పేపర్‌లో, 58 వచ్చాయన్నావు. 200కి 33 శాతం, అంటే 66 దాటాలి. నువ్వు పోయింది అక్కడ. రెండోసారి సీశాట్ గట్టెక్కావు, మొదటి పేపర్ జనరల్ స్టడీస్‌లో పోయింది. కీలతో చూసుకుంటే తప్పయినవి ఏవో కూడా వరసగా రాశావు: పార్లమెంటు కమిటీలు, బౌద్ధం, హిమాలయ నదుల ఉపనదులు, ద్రవ్యలోటు లెక్కలు. ఆ కిందే "ఇంకా శ్రద్ధగా పేపర్ చదవాల్సింది" అని రాశావు. ఒక్కసారి ఆ జాబితా మళ్లీ చూడు. అందులో పేపర్ చదివితే వచ్చేది ఏముంది? అన్నీ పుస్తకాల్లోవి. సీశాట్‌లో పోయినదానికి మందు లెక్కలూ ప్యాసేజీలూ సాధన చేయడం. కాలు విరిగినవాడు కంటి డాక్టరు దగ్గరికి రోజూ శ్రద్ధగా వెళ్తున్నట్టు ఉంది నీ పని.

కాబట్టి నీకు చదువు రాకపోవడం కాదు. రోజులో తల చురుగ్గా ఉండే నాలుగు గంటలూ పేపర్ తినేస్తోంది. పుస్తకాలకి మిగిలేవి అన్నం తిన్న తర్వాత కళ్లు మూతలుపడే గంటలు.

నువ్వు ఉత్తరంతోపాటు నోటుబుక్కులో ఒక పేజీ ఫోటో పంపావు. దాన్ని పెద్దది చేసుకుని చదివాను. రిజర్వ్ బ్యాంకు రెపో రేటు, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ, మార్చలేదన్న వార్త అది. నీలం పెన్నుతో హెడ్డింగు, ఎర్ర పెన్నుతో అంకెలు, ఆకుపచ్చతో కష్టమైన ఇంగ్లీషు మాటలు. చేతిరాత ముత్యాల్లా ఉంది. 31 లైన్లు లెక్కపెట్టాను. గవర్నర్ విలేకరుల సమావేశంలో ఏమన్నారు, ఏ బ్యాంకు ఆర్థికవేత్త ఏమనుకున్నారు, ఆ రోజు సెన్సెక్స్ ఎంత దగ్గర ముగిసింది, అన్నీ ఉన్నాయి. అసలు రెపో రేటు ఎవరు నిర్ణయిస్తారన్న ముక్క మాత్రం లేదు. పేపర్‌లో అది ఉండదు, చదివేవాళ్లకి తెలుసనుకుని వదిలేస్తారు. పరీక్షలో అడిగేదేమో అదే. ద్రవ్య విధాన కమిటీలో ఆరుగురు, అది ఏర్పడింది 2016లో, ధరల పెరుగుదల 4 శాతం దగ్గర ఉంచడం లక్ష్యం, అటు రెండూ ఇటు రెండూ వెసులుబాటు. రేటు మార్చకపోవడానికి ఆ రోజు చెప్పిన కారణం ఒక్క మాట. ఇదంతా కలిపితే మూడు లైన్లు. ఆ మూడు లైన్లు రాయాల్సింది పేపర్ నోటుబుక్కులో కాదు, ఎకానమీ పుస్తకంలో ఆ పాఠం ఉన్న పేజీ పక్కన, పెన్సిల్‌తో. రెండు నెలలకి కమిటీ మళ్లీ కూర్చున్నప్పుడు అదే మార్జిన్‌లో ఇంకో ముక్క చేరుతుంది.

నువ్వు చేస్తున్నది చదవడం కాదమ్మా, నకలు రాయడం. నకలు రాసేటప్పుడు చెయ్యి కదులుతుంది, గంటలు గడుస్తాయి, పని జరిగినట్టే ఉంటుంది. ఇలా అంటున్నందుకు ఏమనుకోకు, నేనూ చేశాను. డిగ్రీ చదివే రోజుల్లో ఊరి లైబ్రరీలో సాయంత్రం పేపర్ మీద పడేవాళ్లం. ఒక్క పేపర్‌ని నాలుగు ముక్కలుగా విడదీసి నలుగురం పట్టుకునేవాళ్లం. ఎడిటోరియల్ ఉన్న మధ్య కాగితం కోసం ఎదురుచూస్తూ, దొరగ్గానే గబగబా రాసుకునేవాణ్ణి. మా లైబ్రేరియన్ ఒకరోజు నా పుస్తకం మూసేసి, "ఇప్పుడు రాసుకున్నది ఏందో చెప్పు" అన్నాడు. నోరు పెగల్లేదు. ఆయన ఇంకేమీ అనలేదు, తలుపులేసే టైమైందని గంట కొట్టాడు. అందుకని నీకూ అదే పరీక్ష పెడుతున్నా. రేపు పేపర్ చదివాక మడిచి పక్కన పెట్టి, గుర్తున్నది నాలుగు వాక్యాల్లో పైకి చెప్పు. చెప్పలేకపోతే ఆ రోజు నువ్వు పేపర్ చదవలేదన్నమాట, నోటుబుక్కులో ఎన్ని పేజీలు నిండినా సరే.

ఇంకో ముడి కూడా ఉంది. నువ్వు ఒక్క పేపర్‌తో మూడు పనులు చేయబోతున్నావు. ఇంగ్లీషు నేర్చుకోవడం, వార్తలు తెలుసుకోవడం, మూడోది నీకు నువ్వే ఒప్పుకోనిది, జవాబులు రాయడాన్ని వాయిదా వేయడం. 'ఈ నెల పేపర్లు పూర్తి చేసి మొదలుపెడతాను' అన్న మాట నీ ఉత్తరంలో నాలుగుసార్లు ఉంది. ప్రిలిమ్స్ దాటాక రాసే మెయిన్స్‌లో జనరల్ స్టడీస్ పేపర్లు నాలుగు, ఒక్కోటి మూడు గంటలు, మొదటి మూడింటిలో 20 ప్రశ్నలేసి. మూడేళ్లలో ఒక్క జవాబు కూడా గడియారం పెట్టుకుని రాయలేదన్నావు. పేపర్ వెనక దాక్కున్నావేమోనని నా అనుమానం. తప్పు అనడం లేదు. ఖాళీ తెల్లకాగితం చూస్తే నాకూ భయమే.

ఇంగ్లీషు సంగతి విడిగా చూద్దాం. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాత్రమే ఇస్తారు. తెలుగు మీడియం పిల్లలకి అక్కడే దెబ్బ. మెయిన్స్ తెలుగులో రాసుకోవచ్చు గానీ, అక్కడిదాకా వెళ్లాలంటే ఇంగ్లీషు ప్రశ్న గబుక్కున అర్థం కావాలి. కాబట్టి ఇంగ్లీషు పేపర్ పూర్తిగా మానేయమని నేను చెప్పను. అయితే పేపరంతా డిక్షనరీ పెట్టుకుని చదవక్కర్లేదు. రోజూ ఒక్క ఎడిటోరియల్ తీసుకో. ఫోన్‌లో ఏడు నిమిషాలు పెట్టుకుని, డిక్షనరీ లేకుండా ఒకసారి చదువు. రాసినవాడు ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు, దేన్ని ఒప్పుకోవడం లేదు, ఈ మూడూ తెలుగులోనే రాసుకో. ఆ తర్వాత డిక్షనరీ తెరువు, అదీ అయిదు మాటలకే. ఇది సీశాట్ ప్యాసేజీకి నేరుగా సాధన. నీకు పోయిన ఎనిమిది మార్కులు ఇలాంటి చోట్లే ఉన్నాయి. ఆదివారం ఎడిటోరియల్ బదులు పాత సీశాట్ పేపర్ ఒకటి పెట్టుకుని లెక్కలు చెయ్యి.

ఇక తెలుగు పేపర్. ఇది చదవాలంటే సిగ్గుగా ఉందన్నావు. కోచింగ్‌లో తెలుగు పేపర్ చదువుతుంటే పక్కవాళ్లు నవ్వారన్నావు. ఆ నవ్వినవాళ్లలో ఎంతమందికి సర్వీసు వచ్చిందో కనుక్కున్నావా? సరే, అది వదిలెయ్. మెయిన్స్‌లో భారతీయ భాష పేపర్ ఒకటి ఉంది, 300 మార్కులకి. అందులో 25 శాతం రాకపోతే మిగతా పేపర్లు దిద్దినా లెక్కలోకి రావు. ఆ మార్కులు ర్యాంకుకి కలవవు గనక అందరూ తేలిగ్గా తీసుకుంటారు. వ్యాసం, సంక్షిప్తం, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదం. పదో తరగతి తర్వాత తెలుగులో ఒక్క పేరా రాయనివాళ్లు అక్కడ అక్షరదోషాలతో తంటాలు పడతారు. నువ్వు మెయిన్స్ మొత్తం తెలుగులోనే రాద్దామనుకుంటుంటే మరీ ముఖ్యం. సమాఖ్య వ్యవస్థ, ద్రవ్యోల్బణం, న్యాయసమీక్ష లాంటి మాటలు తడుముకోకుండా రావాలంటే మంచి తెలుగు మధ్యపేజీ రోజూ చదవాల్సిందే.

జిల్లా పేజీల గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే అందరూ పారేసేది అవే. నువ్వూ అలాగే రాశావు, "జిల్లా పేజీలో ఏముంటుంది సార్, యాక్సిడెంట్లూ నిమ్మ ధరలూ తప్ప" అని. ఆ నిమ్మ ధర దగ్గరే ఆగుదాం.

పొదలకూరు యార్డులో నిమ్మ ధర పడిపోయిందని జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వచ్చిందనుకో. మీ నాన్న దాన్ని ఎలా చదువుతాడు? బస్తా ఎంత పలికింది, ఢిల్లీ లారీలు ఎన్ని లేచాయి, రేపు కాయ కోయించాలా ఆపాలా, కూలీలకి చెప్పాలా వద్దా. నువ్వు అదే నాలుగు లైన్లు పరీక్ష రాసేదానిలా చదివి చూడు. కేంద్రం మద్దతు ధర ప్రకటించేది 22 పంటలకి. అందులో నిమ్మ ఉందా? లేదు. ఎందుకు లేదు? త్వరగా పాడైపోయేదాన్ని కొని గోదాముల్లో పెట్టలేరు. మరి ధర పడితే రైతుకి దిక్కేమిటి? మార్కెట్ జోక్యం పథకమని ఒకటుంది. మద్దతు ధర లేని, పాడైపోయే పంటలకి, రాష్ట్రం అడిగితే కేంద్రం తోడొస్తుంది. వ్యవసాయమూ, మార్కెట్లూ రాజ్యాంగంలో ఏ జాబితాలో ఉన్నాయి? రాష్ట్ర జాబితాలో, 14వ అంశం, 28వ అంశం. అలాగైతే 2020లో మూడు సాగు చట్టాలు కేంద్రం ఎలా చేసింది, ఉమ్మడి జాబితాలో దేన్ని పట్టుకుని చేసింది, 2021లో ఎందుకు వెనక్కి తీసుకుంది? 2016 ఏప్రిల్‌లో మొదలైన ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్ ఉండగా ఢిల్లీ వ్యాపారి నేరుగా మీ నాన్న దగ్గర ఎందుకు కొనడం లేదు? గ్రేడింగ్ ఎవరు చేస్తారు, నాణ్యత మీద ఎవరి మాట చెల్లుతుంది, లారీ కిరాయి ఎవరిది? ఇదంతా జనరల్ స్టడీస్ మూడో పేపర్. 15 మార్కులకి 250 మాటల జవాబు ఒకటి మీ ఇంటి గడపలో ఉంది. కోచింగ్ నోట్సులో 'వ్యవసాయ మార్కెటింగ్ సమస్యలు' అని ఆరు బుల్లెట్లు రాయించి ఉంటారు. కాయ కోసి, గోనెలో నింపి, యార్డులో వేలం దాకా కూర్చున్న మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడు. ఆయన్ని అడిగి రాసిన జవాబుకీ ఆ ఆరు బుల్లెట్లకీ తేడా దిద్దేవాళ్లకి మొదటి పేరాలోనే తెలుస్తుంది.

వెలిగొండ ప్రాజెక్టు వార్తలూ అంతే. ప్రకాశం జిల్లా పేజీల్లో అది ఏళ్లుగా నడుస్తున్న సీరియల్. ఒకరోజు సొరంగం, ఒకరోజు నిర్వాసితుల పరిహారం, ఒకరోజు నల్లమల. ఏ రోజుకారోజు చదివితే విసుగు. కలిపి చూడు. శ్రీశైలం నుంచి కొండ తొలిచి కరవు ప్రాంతానికి నీళ్లు తేవడం, 2014 విభజన చట్టం పదకొండో షెడ్యూల్‌లో దాని పేరు, కృష్ణా నీళ్ల పంపకం మీద ట్రిబ్యునల్, 2013 భూసేకరణ చట్టం. నాలుగు పాఠాలు ఒక ప్రాజెక్టు చుట్టూ తిరుగుతున్నాయి. ఇలాంటివి ఏడాదికి ఓ పది ఎంచుకుని వెంటపడితే చాలు. మిగతా వార్తలు వచ్చిపోతుంటాయి, పోనీ.

మీ అమ్మ పొదుపు సంఘంలో ఉందన్నావు కదా. మీ జిల్లాలోనే దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ కథ ఆమెకి తెలిసే ఉంటుంది. 1992 నాటి మాట. అక్షరాస్యత తరగతులు, వాచకంలో తమ బతుకులాంటి కథ, సారా కొట్టు ముందు చీపురు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు. పత్రికలు దాన్ని ఊరూరా మోశాయి. 1993లో సారా ఆగింది, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు. ఆ ఊపులోంచే మీ జిల్లాలో పొదుపు సంఘాలు పుట్టుకొచ్చాయి. ఆదేశిక సూత్రాల్లో మద్యనిషేధం గురించి చెప్పే 47వ అధికరణం, స్వయం సహాయక సంఘాలు, ఎక్సైజ్ రాబడి మీద రాష్ట్రాలు ఆధారపడటం, మహిళా ఉద్యమాలు. వ్యాసంలో పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ కోసం ఎక్కడికి పోతావు? అందరూ రాసే ఉదాహరణలు వేరే రాష్ట్రాలవి.

ఇప్పుడు దారులు చెప్తాను. ఏది పట్టుకోవాలో నీ ఇష్టం. ప్రతిదానికీ ఖర్చుంది.

పేపర్ పూర్తిగా మానేసి నెలవారీ పీడీఎఫ్‌లతో వెళ్లొచ్చు. అలా వెళ్లి ప్రిలిమ్స్ దాటినవాళ్లు నాకు తెలుసు. రోజుకి నాలుగు గంటలు ఒక్కసారిగా మిగులుతాయి, పుస్తకాలు పూర్తవుతాయి. ప్రిలిమ్స్ వరకే చూస్తే ఇది చెడ్డ బేరం కాదు. కానీ పీడీఎఫ్‌లో ఎవరో నమిలి పెట్టిన ముద్ద ఉంటుంది. ఒక విషయానికి రెండు వైపులా ఎవరెవరు ఏమని వాదిస్తున్నారో దాంట్లో దొరకదు. మెయిన్స్‌కీ, ఇంటర్వ్యూకీ ఆ లోటు తెలుస్తుంది. నీ స్వభావం చూస్తే ఇంకో ప్రమాదం ఉంది. నువ్వు ఒక్క పీడీఎఫ్‌తో ఆగవు. నాలుగు సంస్థలవి దింపుకుని, వాటికీ మూడు రంగుల నోట్సు రాస్తావు. మంచం కింద ఉన్న కట్ట ఫోన్‌లోకి మారుతుంది.

రెండో దారి, పేపర్‌ని గంటకి కుదించడం. ఎడిటోరియల్ పదిహేను నిమిషాలు, ఇంగ్లీషు పేపర్‌లో దేశం, ఆర్థికం, ప్రపంచం పేజీలు అరగంట, తెలుగు జిల్లా పేజీ, మధ్యపేజీ పావుగంట. పార్టీల తిట్లు, నేరాలు, సినిమాలు, ఎవరు ఏ శిలాఫలకం ఆవిష్కరించారన్నవి ముట్టుకోకు. క్రికెట్ స్కోరు చూసుకో, అంతమాత్రానికి సర్వీసు పోదు. కోర్టు తీర్పు, పార్లమెంటులో బిల్లు, రిజర్వ్ బ్యాంకు, ఏదైనా కమిటీ నివేదిక, శ్రీహరికోట షార్ నుంచి రాకెట్, అడవులు, పక్కదేశాలు, ఇవి వస్తే ఆగు. గవర్నర్ బిల్లు ఆపారన్న వార్త కనపడితే ఆ గొడవలో ఎవరు గెలిచారన్నది అయిదు నిమిషాల్లో చదివి, పాలిటీ పుస్తకం తెరిచి 200వ అధికరణం చదువు. వార్త నుంచి పుస్తకంలోకి వెళ్లిన ఆ పది నిమిషాలే అసలు చదువు. పైగా ఆ పేపర్ తొమ్మిదింటికి వస్తుంది గదా, రాగానే ముట్టుకోకు. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా పుస్తకాలు, సాధన. పేపర్ మధ్యాహ్నం అన్నం తిన్నాక. నిద్రొచ్చే టైముకి పేపర్ ఇవ్వు, మెలకువ ఉన్న టైము పుస్తకానికి ఇవ్వు. మొదటి పది రోజులు చేతులు లాగుతాయి. ఏదో ముఖ్యమైనది వదిలేశానన్న గుబులు ఉంటుంది. ఇందులో నష్టమూ ఉంది, కొన్ని వార్తలు నిజంగానే తప్పిపోతాయి. వాటికోసం నెలాఖరున ఒక్క పీడీఎఫ్, ఒక్కటే, రెండు గంటలు తిరగెయ్యి. నాకైతే ఈ దారి మీదే మనసు, కానీ ఇది నీ పరీక్ష.

మూడోది, ఏపీపీఎస్సీ పెట్టే రాష్ట్ర ఉద్యోగాల పరీక్షల వైపు తిరగడం. గ్రూప్-2 స్క్రీనింగ్ 150 మార్కులు. అందులో చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం, వర్తమాన వ్యవహారాలు, మెంటల్ ఎబిలిటీ తలా 30. అక్కడ తెలుగు పేపరే నీకు ప్రధానం. జిల్లా పేజీ, రాష్ట్ర బడ్జెట్, విభజన చట్టం, రాష్ట్ర పథకాలు. భాష భయం ఉండదు, చదివినదాంట్లో చాలా భాగం పనికొస్తుంది. దీంట్లో చిక్కు నోటిఫికేషన్. 2018 డిసెంబరులో ఒకటి వస్తే మళ్లీ 2023 డిసెంబరులో వచ్చింది. అయిదేళ్లు. యూపీఎస్సీ పెట్టే సివిల్స్ అయితే ఏటా జరుగుతుంది. ఇంట్లో ఉగాది గడువు పెట్టినప్పుడు ఈ తేడా నాన్నకి కూడా చెప్పాలి. రెండు పడవల మీద కాళ్లంటారు గానీ, ప్రిలిమ్స్ దాకా రెండింటి దారీ చాలావరకు ఒకటే. ఆంధ్ర చరిత్ర, రాష్ట్ర ఆర్థికం అదనంగా చదవాలి, అంతే.

నాలుగోది ఉద్యోగం చేసుకుంటూ చదవడం. నెల్లూరులోనో శ్రీసిటీలోనో ఏదో ఒకటి దొరుకుతుంది. చేతిలో నాలుగు రూపాయలుంటే ఇంట్లో మాటకి విలువ పెరుగుతుంది, పెళ్లి మాట కొంతకాలం వెనక్కి పోవచ్చు. టైము బాగా తగ్గుతుంది. అయితే నువ్వు ఇప్పుడు రోజుకి పదకొండు గంటలు కూర్చుని నిజంగా చదువుతున్నది ఎంతో నీకు తెలుసు. కొందరికి టైము తగ్గితేనే చదువు బిగుస్తుంది. నీకెలాగో నేను చెప్పలేను.

వయసు గురించి భయపడుతున్నావు. మీరు బీసీ అన్నావు కాబట్టి తొమ్మిది అటెంప్టులు, 35 ఏళ్ల దాకా. రెండే అయ్యాయి. అంకెల లెక్కన టైముంది. అలాగని తొమ్మిదీ వాడుకోమని కాదు నేననేది. ఇంట్లో "ఇంకో ఛాన్స్" అని అడుగుతూ ఉంటే వాళ్లకి దానికి అంతు కనపడదు. దానికి బదులు, ఈసారి ప్రిలిమ్స్ రాసి, ఫలితం వచ్చాక ఫలానా నెలలో కూర్చుని నిర్ణయిద్దామని తేదీతో సహా చెప్పు. ఆ లోపల సంబంధాలు చూడొద్దని అడుగు. ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. తేదీ లేని మాట కన్నా తేదీ ఉన్న మాట వినడం తేలిక.

నాన్న గురించి నువ్వు తొమ్మిదో పేజీలో ఒక వాక్యం రాసి, వెంటనే వేరే విషయంలోకి వెళ్లిపోయావు. ఇంగ్లీషు పేపర్ బిల్లు కోసం ఆయన పోయిన ఉగాది నుంచి తెలుగు పేపర్ మాన్పించేశాడని, నిమ్మ ధర చూసుకోవడానికి పొద్దున్నే సెంటర్‌లో టీకొట్టుకి పోతున్నాడని. నీ ఉత్తరం మొత్తంలో నేను ఎక్కువసేపు ఆగింది అక్కడ. "పరీక్ష ఎప్పుడు రాస్తావే" అన్న మనిషీ ఆయనే, తన పేపర్ మానుకున్న మనిషీ ఆయనే. మొదటి మాట ఒక్కటే విని బాధపడకు. తెలుగు పేపర్ మళ్లీ వేయించండి. పరీక్షకి కావాలని చెప్పు, అది నిజమే కదా. ఇంగ్లీషు పేపర్ ఖర్చు బరువైతే ఎడిటోరియల్ ఫోన్‌లో చదువుకోవచ్చు, లేదా పొదలకూరు వెళ్లినప్పుడు లైబ్రరీలో చూసుకోవచ్చు. జిల్లా పేజీ ముందు నాన్న చూస్తాడు, తర్వాత నువ్వు. ఆయన చదివేటప్పుడు పక్కన కూర్చుని, ఈ ధర ఎందుకు పడింది నాన్నా అని అడుగు. పరీక్ష కోసం అడుగుతున్నట్టు అడగకు. ఆయన చెప్పింది సాయంత్రం 250 మాటల్లో రాయి, గడియారం పెట్టుకుని, పదకొండు నిమిషాల్లో. మొదటిసారి సగమే అవుతుంది. అవనీ.

మంచం కింద అయిదు నెలలు. ఏం పోగొట్టుకుంటానోనని భయపడుతున్నావు. అందులో నీకు కావాల్సిందంతా ఆ అయిదు నెలల పీడీఎఫ్‌లు రెండు రోజులు తిరగేస్తే దొరుకుతుంది, మిగిలింది అప్పుడే పాతబడిపోయింది. ఆ కట్టలు లాగి, ఎడిటోరియల్ కాగితాలు ఓ ముప్పై చింపి పెట్టుకో, ఏడు నిమిషాల సాధనకి పనికొస్తాయి. ఒక్క సాయంత్రమే, మళ్లీ కూర్చుని చదవడం మొదలుపెట్టొద్దు. మిగతావి అమ్మ చేతికివ్వు. మొన్న అరిచినదానికి క్షమించమని పెద్ద మాటలు చెప్పక్కర్లేదు, కట్టలు నువ్వే మోసుకొచ్చి అరుగు మీద పెడితే ఆమెకి అర్థమవుతుంది. వంటింటి అరల్లో పరచడానికి కొన్ని ఉంచుకోమను. పద్నాలుగు నోటుబుక్కులు మాత్రం పాత పేపర్లాయనకి వెయ్యకు. వాటిల్లో చివర ఖాళీ పేజీలుంటే చించి జవాబులు రాయడానికి వాడుకో.

సంక్రాంతి పోయాక మళ్లీ ఉత్తరం రాయి. ఈసారి పదకొండు పేజీలొద్దు, ఒక పేజీ చాలు. దాంతోపాటు నిమ్మ ధర మీద రాసిన జవాబు పంపించు, నీలం పెన్ను ఒక్కదాంతోనే రాసి.